పురుడు, శ్రమ, విముక్తి: తెలుగు వామపక్ష చిత్రాలలో స్త్రీ

ప్రవేశిక

వామపక్ష భావాలు గల ప్రేక్షకుడు సినిమా నుంచి సాధారణంగా మూడు విషయాలు ఆశిస్తాడు. దోపిడి తెర మీద కనబడాలి. ఆ దోపిడికి కారణం వ్యక్తుల దుర్మార్గంలో కాక వ్యవస్థలో ఉన్నట్లు తెలియాలి. దాని నుంచి బయటపడే దారి సమష్టి పోరాటంలో ఉన్నట్లు సూచన అందాలి. ఈ మూడు ఆశలకూ తెలుగు సినిమా ఏదో ఒక మేరకు స్పందిస్తూనే వచ్చింది. గూడవల్లి రామబ్రహ్మం ‘మాలపిల్ల’ (1938), ‘రైతుబిడ్డ’ (1939) చిత్రాలతో కులాన్నీ, జమీందారీనీ ప్రశ్నించాడు. ‘రైతుబిడ్డ’ జమీందార్ల ఆగ్రహానికి గురై ప్రదర్శనలో ఆటంకాలు ఎదుర్కొన్నది. తాపీ చాణక్య ‘రోజులు మారాయి’ (1955)లో రైతుల ఐక్యతను జనరంజకంగా చూపాడు. తర్వాతి కాలంలో మాదాల రంగారావు, టి. కృష్ణ, ఆర్. నారాయణమూర్తి ‘ఎర్ర సినిమా’ అనే పేరు స్థిరపడేటంతటి ధారను నెలకొల్పారు.

ఈ ధార మీద ఇంతవరకు సాగిన చర్చ ఎక్కువగా రెండు ప్రశ్నల చుట్టూ తిరిగింది. సినిమా చెప్పిన రాజకీయం సరైనదా కాదా అన్నది మొదటిది. వాణిజ్య రూపంలో విప్లవ వస్తువు ఇముడుతుందా అన్నది రెండవది. రెండూ అవసరమైన ప్రశ్నలే. అయితే వీటి వెనుక మరొక ప్రశ్న మరుగున పడింది. విముక్తిని కోరే ఈ చిత్రాలు శ్రమ అన్న మాటకు ఏ హద్దు గీస్తున్నాయి? నాగలి, సుత్తి, రిక్షా శ్రమకు చిహ్నాలుగా తెర మీద నిలిచాయి. పొయ్యి, ఊయల, పురిటి మంచం ఆ చిహ్నాలలో చేరాయా?

రేపటి కూలీని కని పెంచడం, ఇవాళ్టి కూలీకి అన్నం పెట్టి మళ్లీ పనిలోకి పంపడం అనే శ్రమ లేకుండా ఏ ఉత్పత్తీ సాగదు. కూలి లెక్కలోకి రాని ఈ శ్రమను స్త్రీవాద అర్థశాస్త్రం పునరుత్పత్తి శ్రమ అని గుర్తించింది. ఈ శ్రమ ప్రాణాంతకమైన అంచుకు చేరే ఘట్టం పురుడు. ‘ఒక ఊరి కథ’ (1977), ‘మా భూమి’ (1979), ‘దాసి’ (1988), ‘విరాటపర్వం’ (2022) చిత్రాలలో పురుడు, గర్భం, స్త్రీ దేహం నిర్వహించిన పాత్రను పరిశీలించి, వామపక్ష చిత్రాన్ని అంచనా కట్టడానికి ఒక కొలమానాన్ని ప్రతిపాదించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఇటువంటి పరిశీలనకు మార్క్సిస్టు విమర్శలోనే ఆధారం ఉంది. మార్గరెట్ హార్క్‌నెస్ నవల గురించి 1888లో ఆమెకు రాసిన లేఖలో, రచయిత అభిప్రాయాలు ఎంత మరుగున ఉంటే కళకు అంత మేలని ఎంగెల్స్ సూచించాడు. బాల్జాక్ రాచరిక పక్షపాతి అయినప్పటికీ అతని నవలలు ఆ వర్గ పతనాన్ని చిత్రించాయన్నది ఆయన వాదన. కృతి ప్రకటించే అభిప్రాయం ఒకటి, కృతి చూపే వాస్తవం మరొకటి కావచ్చునన్నది దీని సారం. ఇది తిరగబడి కూడా వర్తిస్తుంది. అభ్యుదయాన్ని ప్రకటించే చిత్రం తనకు తెలియకుండానే పాత దొంతరలను నిలుపుకోవచ్చు.

నిరాకరణకు వెల: ‘ఒక ఊరి కథ’

మృణాల్ సేన్ తెలుగులో తీసిన ‘ఒక ఊరి కథ’కు ఆధారం ప్రేమ్‌చంద్ ‘కఫన్’. మూలకథ ప్రారంభం భారతీయ కథాసాహిత్యంలోని కఠినమైన దృశ్యాలలో ఒకటి. గుడిసెలో బుధియా ప్రసవవేదన పడుతుంది. బయట నిప్పుల ముందు మామ ఘీసూ, భర్త మాధవ్ కాల్చిన ఆలుగడ్డలు తింటూ ఉంటారు. తాను లోపలికి వెళితే ఘీసూ ఎక్కువ తింటాడేమోనన్న అనుమానంతో మాధవ్ కదలడు. ఆమె మరణించాక శవవస్త్రం కోసం పోగుచేసిన డబ్బును తాగి ఖర్చు చేస్తారు.

సేన్ ఈ కథను విస్తరించి ఘీసూ స్థానంలో వెంకయ్యను నిలిపాడు. వాసుదేవరావు నటించిన ఈ పాత్రకు సోమరితనం ఒక సిద్ధాంతం. పని చేసేవాడూ ఆకలితో ఉన్నాడు, పని చేయనివాడూ ఆకలితో ఉన్నాడు. అటువంటప్పుడు భూస్వామి గాదె నింపడానికి చెమటోడ్చడం ఎందుకన్నది వెంకయ్య తర్కం. వామపక్ష ప్రేక్షకుణ్ణి ఈ చిత్రం ఆకట్టుకోవడానికి ప్రధాన కారణం ఈ తర్కమే. కష్టపడితే పైకి వస్తారన్న నీతిని పేదవాడే ఎగతాళి చేస్తాడు. శ్రమను పూజించే నైతికత దోపిడికి ఎలా కాపలా కాస్తుందో ఆ ఎగతాళిలో బయటపడుతుంది.

ఐతే మూలకథలో దాదాపు ఒక కేకగా మాత్రమే మిగిలిన స్త్రీకి సేన్ పేరునూ, జీవితాన్నీ ఇచ్చాడు. మమతాశంకర్ నటించిన నీలమ్మ కోడలిగా ఇంటికి వచ్చి, ఆ ఇంటిని ఇల్లుగా మార్చడానికి ప్రయత్నిస్తుంది. పని చేస్తుంది, వండుతుంది, కిష్టయ్యను మార్చాలని చూస్తుంది. ఈ మార్పుతో వెంకయ్య సిద్ధాంతం కొత్త వెలుగులో కనబడుతుంది. అతడు భూస్వామికి తన శ్రమను నిరాకరించాడు. కాని కోడలి శ్రమను నిరాకరించలేదు. వ్యవస్థ మీద అతని తిరుగుబాటుకు తిండి పెడుతున్నది ఆమె. ఆమె ప్రసవవేదనలో ఉన్నప్పుడు సాయం తీసుకురావడానికి సిద్ధపడని చేతులు, భూస్వామి పొలంలో దిగడానికి సిద్ధపడని చేతులు ఒకటే. మొదటిచోట తిరుగుబాటుగా కనబడిన నిరాకరణ రెండవచోట హత్యకు దగ్గరగా వస్తుంది.

ఈ చిత్రాన్ని వెంకయ్య వైపు నుంచి మాత్రమే చదివితే అది వ్యవస్థను ధిక్కరించిన పేదవాడి కథ. నీలమ్మ వైపు నుంచి చదివితే ఆ ధిక్కారం ఎవరి ప్రాణం మీద సాగిందన్న లెక్క. రెండవ పఠనానికి చిత్రమే చోటు ఇచ్చింది. దోపిడికి గురైనవాడు తన ఇంట్లో దోపిడిదారు కాగలడన్న సత్యాన్ని ప్రేక్షకుడి సానుభూతి చెదిరేలా చూపడం ‘ఒక ఊరి కథ’ సాధించిన విజయం.

కదిలే పురుషుడు, నిలిచిపోయే స్త్రీ: ‘మా భూమి’

గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో బి. నరసింగరావు, జి. రవీంద్రనాథ్ నిర్మించిన ‘మా భూమి’ తెలంగాణ సాయుధ పోరాటాన్ని కథావస్తువుగా స్వీకరించింది. ఆధారం కిషన్‌చందర్ ఉర్దూ నవల ‘జబ్ ఖేత్ జాగే’. ఉరిశిక్షకు ఎదురుచూసే యువకుడి జ్ఞాపకాలుగా సాగే నవలను, ఒక రైతుకూలీ కొడుకు ఎదుగుదల క్రమంగా చిత్రం మార్చుకుంది. వెట్టి, దొరల అరాచకం, ఆంధ్ర మహాసభ, నిజాం పాలన, రజాకార్లు, 1948 పోలీసు చర్య ఒకదాని వెంట ఒకటి రామయ్య జీవితం గుండా వస్తాయి. పోలీసు చర్య తర్వాత పారిపోయిన దొరలు కొత్త వేషంలో తిరిగి రావడాన్ని చూపిన ముగింపు, రాజ్యం మారడానికీ భూసంబంధాలు మారడానికీ గల తేడాను స్పష్టం చేస్తుంది. వామపక్ష ప్రేక్షకుడు కోరే మూడు ఆశలూ ఇక్కడ నెరవేరాయి. పోరాటంలో నుంచి పుట్టిన బండి యాదగిరి, సుద్దాల హనుమంతుల పాటలను వాడుకోవడం వల్ల, గద్దర్ స్వయంగా తెర మీద పాడడం వల్ల చిత్రానికి చారిత్రక ప్రామాణికత చేకూరింది. ఉదయం ఆటలుగా దీర్ఘకాలం నడిచి, ప్రత్యామ్నాయ చిత్రానికీ ప్రజాదరణ ఉంటుందని రుజువు చేసింది.

ఈ చిత్రంలో చంద్రి పాత్ర పరిశీలించదగినది. రామయ్య ప్రేమించిన లంబాడి యువతి చంద్రి. ఆమె దొర కోరికకు లొంగవలసి వస్తుంది. ఈ ఘటన రామయ్యలో తిరుగుబాటుకు బీజం వేస్తుంది. అతడు ఊరు విడిచి సూర్యాపేటకూ, అక్కడి నుంచి హైదరాబాదుకూ చేరతాడు. కార్మికోద్యమంతో పరిచయమై, చదువు నేర్చి, చైతన్యంతో తిరిగి వస్తాడు. కథనదృష్టి ప్రధానంగా అతని వెంటనే ప్రయాణిస్తుంది. చంద్రి మీద జరిగిన హింస రామయ్య చైతన్యానికి కారణంగా పని చేసినంతగా, చంద్రి చైతన్యానికి కథావస్తువు కాలేదు. గాయం ఆమెది, ఎదుగుదల అతనిది.

ఇది ఒక్క చిత్రం లోపమని తేల్చడం న్యాయం కాదు. పోరాట చరిత్ర కథనంలోనే ఈ దొంతర ఉన్నది. స్త్రీశక్తి సంఘటన 1986లో వెలువరించిన ‘మనకు తెలియని మన చరిత్ర’ దీన్ని బయటపెట్టింది. పోరాటంలో పాల్గొన్న స్త్రీల మౌఖిక కథనాలతో కూర్చిన ఈ గ్రంథం ఉద్యమ చరిత్రకు చేర్పు మాత్రమే కాదు, ఆ చరిత్రను చెప్పే పద్ధతి మీద విమర్శ కూడా. దళజీవితంలో గర్భం, ప్రసవం, బిడ్డను వదులుకోవలసి రావడం వంటి అనుభవాలు ఆ స్త్రీల గొంతులో వినిపించాయి. పోరాటకారుడికి తుపాకి ఎంత బరువో లెక్కగట్టిన చరిత్ర, పోరాటకారిణి అడవిలో వదిలిన బిడ్డ బరువును లెక్కగట్టలేదని ఆ కథనాలు నిరూపించాయి. ‘మా భూమి’ ఈ గ్రంథానికి ఏడేండ్ల ముందు వచ్చింది. కనుక చిత్రం మౌనాన్ని నాటి చారిత్రక స్పృహకు గల హద్దుగా గుర్తించడం సమంజసం. ఆ హద్దును నేటి విమర్శకుడు చూడకపోవడం మాత్రం సమర్థనీయం కాదు.

ఏ బిడ్డ కావాలి, ఏ బిడ్డ వద్దు: ‘దాసి’

‘మా భూమి’ నిర్మాతలలో ఒకరైన బి. నరసింగరావు దర్శకుడిగా తీసిన ‘దాసి’, 1920ల తెలంగాణ గడీలోకి ప్రవేశించింది. ఉత్తమ నటి పురస్కారంతో సహా ఐదు జాతీయ పురస్కారాలు ఈ చిత్రానికి లభించాయి. అర్చన నటించిన కమలాక్షి గడీలో దాసి. దొరసాని పెండ్లితో పాటు ఆడబాపను పంపే ఆచారం నాటి దొరల కుటుంబాలలో ఉండేది. కమలాక్షి ఇంటి పని చేస్తుంది. దొర కోరినప్పుడు, గడీకి వచ్చిన అతిథి కోరినప్పుడు దేహాన్నీ అప్పగించాలి. గర్భం ధరించినప్పుడు గడీ ఆజ్ఞతో ఆ గర్భం తొలగించబడుతుంది.

‘మా భూమి’లో దొర దౌర్జన్యం బహిరంగంగా, ఊరి నడుమ సాగుతుంది. ‘దాసి’లో అది గోడల లోపల, పనుల వరుసలో కలిసిపోయి సాగుతుంది. నీళ్లు మోయడం, ఊడ్వడం, దుస్తులు అందించడం, పడకకు వెళ్లడం అన్నీ ఒకే దినచర్య. సంభాషణ అతి తక్కువ. హింసను ప్రత్యేక ఘటనగా కాక పనిగా చూపడంలోనే ఈ చిత్రం రాజకీయ బలం ఉన్నది. కమలాక్షి ఎదురు తిరగదు. ఉపన్యాసం ఇవ్వదు. తుపాకి పట్టదు. వామపక్ష ప్రేక్షకుడి మూడవ ఆశ, పోరాటమార్గం, ఇక్కడ నెరవేరదు. అయినా ఈ చిత్రం తక్కువ వామపక్ష చిత్రం కాలేదు.

వెట్టి వ్యవస్థ గర్భాన్ని కూడా అదుపు చేసిందన్న విషయం ‘దాసి’ని ‘మా భూమి’ పక్కన పెట్టి చూసినప్పుడు తెలుస్తుంది. గడీ వెలుపల వెట్టి చేసే కుటుంబంలో పుట్టే బిడ్డ దొరకు కావాలి. ఆ బిడ్డ రేపటి వెట్టివాడు, తండ్రి అప్పుకు వారసుడు. గడీ లోపల దాసి కడుపున పడిన బిడ్డ దొరకు వద్దు. ఆ బిడ్డ గడీ పరువుకు ప్రశ్న, రక్తసంబంధానికి సాక్ష్యం. ఒకే వ్యవస్థ ఒక పురుడును కోరుతుంది, మరొక పురుడును నిషేధిస్తుంది. భూమి మీద యాజమాన్యానికీ, గర్భం మీద యాజమాన్యానికీ మూలం ఒకటేనని దీని తాత్పర్యం. కాబట్టి పురుడును కొలమానంగా తీసుకోవడం భూమి సమస్యను పక్కన పెట్టడం కాదు. ఆ సమస్య వేర్లు ఇంటి లోపలికి ఎంతవరకు పాకాయో చూడడం.

దొరసాని పాత్ర కూడా ఈ సందర్భంలో గమనార్హం. ఆమె గడీకి యజమానురాలు, దొరకు లోబడిన స్త్రీ. కమలాక్షిని శాసించే అధికారం ఆమెకు ఉన్నది. దొరను అడ్డుకునే అధికారం లేదు. స్త్రీలందరిదీ ఒకే బాధ అన్న సులువైన సూత్రాన్ని చిత్రం అంగీకరించలేదు.

ప్రతీకారం పరిష్కారమా?

పై చిత్రాల పక్కన ప్రజాదరణ పొందిన ఎర్ర సినిమాను నిలిపి చూడడం అవసరం. టి. కృష్ణ ‘ప్రతిఘటన’ (1985)లో అధ్యాపకురాలు ఝాన్సీ తనను అవమానించిన, రాజకీయాన్ని అడ్డం పెట్టుకున్న రౌడీని గొడ్డలితో నరుకుతుంది. దాసరి నారాయణరావు ‘ఒసేయ్ రాములమ్మా’ (1997)లో దొర దౌర్జన్యానికి గురైన రాములమ్మ అజ్ఞాత ఉద్యమ నాయకురాలిగా ఎదిగి తిరిగి వస్తుంది. రెండు చిత్రాలలోనూ విజయశాంతి పాత్ర గాయపడిన స్త్రీయే. కాని చంద్రిలా పక్కకు తప్పుకోదు, కమలాక్షిలా మౌనంగా ఉండదు. స్త్రీని కథకు చోదకశక్తిగా నిలపడంలో జనప్రియ చిత్రం ప్రత్యామ్నాయ చిత్రం కన్నా ముందడుగు వేసిందన్నది ఒప్పుకోవలసిన సత్యం. వాణిజ్య చిత్రమన్న కారణంతో దీన్ని తోసిపుచ్చే విమర్శ, థియేటరులో చప్పట్లు కొట్టిన కూలీ స్త్రీ అనుభవాన్ని కూడా తోసిపుచ్చుతుంది.

అయితే ఈ ముందడుగుకు ఒక షరతు ఉన్నది. స్త్రీ కథానాయకత్వం వహించాలంటే ముందు ఆమె మీద లైంగిక హింస జరగాలి. ఆ హింస అసాధారణ ఘటనగా తెర మీద విస్తరించాలి. దినచర్యలోని దోపిడి ఆమెను నాయికను చేయదు. ప్రతీకారంతో విలన్ మరణించినప్పుడు ప్రేక్షకుడి కోపం చల్లారుతుంది. వ్యవస్థ మీద పుట్టిన కోపం వ్యక్తి మరణంతో ముగుస్తుంది. ‘దాసి’ చూసిన ప్రేక్షకుడికి ఆ ఉపశమనం దొరకదు. అతడు కోపాన్ని ఇంటికి మోసుకుపోవలసిందే. జనప్రియ చిత్రం స్త్రీకి శక్తిని ఇచ్చి ప్రేక్షకుణ్ణి ఊరడించింది. ప్రత్యామ్నాయ చిత్రం స్త్రీకి గొంతు ఇవ్వకపోయినా ప్రేక్షకుణ్ణి ఊరడించలేదు. రెండింటి పరిమితులూ ఒకదానిలో మరొకటి కనబడతాయి.

చదివే స్త్రీ: ‘విరాటపర్వం’

వేణు ఊడుగుల ‘విరాటపర్వం’ నక్సలైటు ఉద్యమ నేపథ్యంలో, జరిగిన ఘటనను ఆధారం చేసుకుని 1990ల తెలంగాణను చిత్రించింది. సాయిపల్లవి నటించిన వెన్నెల పుట్టుక కాల్పుల నడుమ జరుగుతుంది. ఉద్యమంలోని వైద్యురాలు ఆమె తల్లికి పురుడు పోస్తుంది. ‘ఒక ఊరి కథ’లో ఎవరూ రాని పురిటి గుడిసె, ‘దాసి’లో గర్భాన్ని తీసివేయించిన గడీ గుర్తున్న ప్రేక్షకుడికి ఈ ప్రారంభం చిన్న విషయం కాదు. విప్లవం తొలిసారి మంత్రసాని పని చేసింది. వెన్నెల తండ్రిగా నటించినవాడు ‘మా భూమి’ రామయ్య పాత్రధారి సాయిచంద్ కావడం, రెండు చిత్రాల నడుమ నలభై ఏండ్లకు పైబడిన కాలాన్ని ఒకే ముఖం మీద చూపుతుంది. ఊరు విడిచి ఉద్యమంలోకి వెళ్లిన కొడుకు అప్పటి కథ. ఇల్లు విడిచి ఉద్యమాన్ని వెతుక్కుంటూ వెళ్లిన కూతురు ఇప్పటి కథ.

వెన్నెలను ఉద్యమం వైపు నడిపింది ఆకలి కాదు, అత్యాచారం కాదు. ‘అరణ్య’ అన్న కలం పేరుతో రవన్న రాసిన కవిత్వం. ఎర్ర సినిమాలో స్త్రీ నాయికత్వానికి ఉన్న పాత షరతును ఈ చిత్రం రద్దు చేసింది. ఆమె పాఠకురాలు కాబట్టి కదిలింది. కదిలిన తర్వాత ఆమె ప్రేమనూ, విశ్వాసాన్నీ ఉద్యమం పూర్తిగా అర్థం చేసుకోలేకపోయింది. చివరకు అనుమానంతో ఆమెను చంపింది. పురుడు పోసిన చేతుల వైపు నుంచే మరణం వచ్చింది.

ఈ ముగింపు వామపక్ష ప్రేక్షకుడిలో రెండు రకాల అసంతృప్తిని కలిగించే వీలున్నది. ఉద్యమ రాజకీయాన్ని ప్రేమకథకు కుదించిందన్నది ఒకటి. రాజ్యహింసను వదిలి ఉద్యమ తప్పిదాన్ని ముందుకు తెచ్చిందన్నది మరొకటి. మొదటి ఆక్షేపణలో కొంత బలం ఉన్నది. వెన్నెల సొంత రాజకీయ అవగాహన ఎదిగే క్రమానికి చిత్రం తగినంత స్థలం ఇవ్వలేదు. రవన్న పట్ల ఆరాధన ఆ స్థలాన్ని ఆక్రమించింది. రెండవ ఆక్షేపణ నిలవదు. చిత్రం పోలీసు హింసను దాచలేదు. అంతకన్నా ముఖ్యంగా, తెర మీద వెన్నెల మరెవరో కాదు. అభ్యుదయ సాహిత్యం చదివి, ఎర్ర సినిమా చూసి, ఆ వైపు మనసు మళ్లించుకున్న సానుభూతిపరుల ప్రతిబింబం ఆమె. ఆమెను ఉద్యమం ఎలా చూసిందన్న ప్రశ్నను అడిగినందుకు చిత్రాన్ని తప్పుపట్టడమంటే, సానుభూతిపరుడికి చప్పట్లు కొట్టే హక్కు తప్ప ప్రశ్నించే హక్కు లేదని చెప్పడమే.

ముగింపు

నాలుగు చిత్రాల పరిశీలన నుంచి కొన్ని నిర్ధారణలు చేయవచ్చు. ‘ఒక ఊరి కథ’ దోపిడికి గురైన పురుషుడి నిరాకరణ ఇంటి స్త్రీ శ్రమ మీద ఆధారపడిందని చూపింది. ‘మా భూమి’ భూసంబంధాలను సమగ్రంగా చిత్రించి, స్త్రీ గాయాన్ని పురుష చైతన్యానికి సోపానంగా మిగిల్చింది. ‘దాసి’ భూమి మీది ఆధిపత్యం గర్భం మీదికి విస్తరించిన తీరును దినచర్యగా చూపింది. ‘విరాటపర్వం’ స్త్రీని చదివి నిర్ణయించుకునే వ్యక్తిగా నిలిపి, ఉద్యమాన్నే ప్రశ్నకు లోను చేసింది. ఇది సరళరేఖలో సాగిన ప్రగతి కాదు. 1977 నాటి నీలమ్మ పాత్రలో ఉన్న శ్రమస్పృహ 2022 నాటి వెన్నెల పాత్రలో లేదు. వెన్నెలకు ఉన్న ఎంపిక నీలమ్మకు లేదు.

జెండా ఎగిరిందా, నినాదం వినిపించిందా, దొర చచ్చాడా అన్నవి వామపక్ష చిత్రాన్ని గుర్తించడానికి పనికివస్తాయి. దాని విలువను తేల్చడానికి చాలవు. ఎవరి శ్రమను శ్రమగా లెక్కగట్టిందన్నది చిత్రాన్ని తేల్చే ప్రశ్న. గుడిసె బయట నిప్పుల ముందు కూర్చున్నవారి ఆకలిని చూపడం తెలుగు సినిమాకు మొదటి నుంచీ తెలుసు. గుడిసె లోపలి నుంచి వచ్చే కేకకు తలుపు తీసిన చిత్రాలు మాత్రం వేళ్ల మీద లెక్కించదగినవి. వామపక్ష చిత్రాల చరిత్రను తిరిగి రాయదలచిన పరిశోధకులు ఆ తలుపు దగ్గర నుంచి మొదలుపెట్టవలసి ఉన్నది.